బంటుకి పేరు పెడితే

చదరంగం బల్ల మీద మా తాతయ్య బంటుని వదులుకునే తీరులో ఒక దర్జా ఉండేది. నేను లబలబలాడుతుంటే "బంటేగా, పోతే పోనీరా" అని చుట్ట వెలిగించుకునేవారు. ఆయన లెక్కలో బంటు పోవడానికే పుట్టింది. అది పోయిన చోట తెరుచుకునే దారే అసలు సంగతి. చిత్రమేమిటంటే, తెలుగులో ఆ మాటకు ఆ చిన్నతనం లేదు. బంటు అంటే వీరుడు, వెన్నంటి నిలిచే సేవకుడు. రామబంటు అన్నప్పుడు ఎంతో గర్వంగా పలికే మాటే, బల్ల మీద ముందు వరుసలో నిలబెట్టేసరికి చవకైపోతుంది. ఆ ఎనిమిదింటికీ పేర్లు లేకపోవడమే కారణమేమో. ఒక్కొక్కదానికీ ఒక పేరుంటే తాతయ్య చుట్ట అంత నిమ్మళంగా వెలిగేది కాదు.

ఈ అనుమానం నాకు యాభై దాటాక, ఒక వీడియో గేమ్ వల్ల కలిగింది. దాని పేరు వాల్కిరియా క్రానికల్స్. సెగా సంస్థ 2008 ఏప్రిల్‌లో జపాన్‌లో ప్లేస్టేషన్ 3 కోసం విడుదల చేసింది; 2014లో కంప్యూటర్లకు వచ్చింది. మా తమ్ముడి కొడుకు దాన్ని నా కంప్యూటర్‌లో ఎక్కించి, "చదరంగం లాంటిదే పెదనాన్నా, కాకపోతే ఇందులో బంట్లు మాట్లాడతాయి" అన్నాడు. వాడు వేళాకోళానికి అన్నాడు. ఆట ముగిసేనాటికి అంతకన్నా సరైన సమీక్ష ఇంకొకటి ఉండదనిపించింది.

కథ యూరోపా అనే ఖండంలో, 1935లో జరుగుతుంది. చరిత్ర పుస్తకాల్లోని ఐరోపాను నీటిరంగుల్లో ముంచి ఆరబెట్టినట్టుంటుంది ఆ లోకం. తూర్పున ఒక సామ్రాజ్యం, పడమట ఒక సమాఖ్య, నడుమ గాలియా అనే చిన్న తటస్థ దేశం. రాగ్నైట్ అనే ఖనిజం కోసం పెద్దవాళ్లిద్దరూ కొట్టుకుంటున్నారు. ఆ ఖనిజం తన నేలలో ఉండడమే చిన్నదాని నేరం. దళ నాయకుడు వెల్కిన్ గుంథర్ సైనిక వృత్తివాడు కాడు. పురుగులనూ పిట్టలనూ చూసి పుస్తకంలో బొమ్మలు గీసుకునే విద్యార్థి. పక్కన నిలిచే అలీసియా రొట్టెలు కాల్చే పిల్ల. ఎడెల్‌వైస్ అనే ట్యాంకును నడిపేది అతని ఇంట పెరిగిన దత్తపుత్రిక ఇసారా. బార్లో పాటలు పాడుకునే రోజీ, కూరగాయల గురించి మాట్లాడితే ఒళ్లు మరిచిపోయే లార్గో, ఇంకా ఊళ్ల నుంచి పోగైన మామూలు మనుషులు, వీళ్లంతా ఏడో దళం. రెక్కలున్న పందిపిల్ల ఒకటి వాళ్లకు తోడు. శ్రమశిబిరాలూ ఆ పందిపిల్లా ఒకే కథలో ఎలా ఇమిడాయన్నది నాకు ఇప్పటికీ వింతే.

బొమ్మ అందం గురించి పెద్దగా చెప్పాల్సింది లేదు, అందరూ చెప్పిందే. తెర అంచులకు వచ్చేసరికి రంగు ఆగిపోయి తెల్ల కాగితం మిగులుతుంది. నీడల్లో పెన్సిలు గీతలు కనబడతాయి. ట్యాంకు కదిలితే దాని చప్పుడు అక్షరాలై పక్కన తేలుతుంది. యుద్ధాన్ని ఇంత ముచ్చటగా గీయవచ్చునా అని మొదట్లో ఒక సంకోచం కలిగింది. తరవాత అలవాటైపోయింది. అలా అలవాటు కావడమూ యుద్ధ లక్షణమేననుకుంటాను.

వంతులవారీ యుద్ధం అనగానే ఎవరికైనా నవ్వొస్తుంది. నువ్వు కాల్చు, తరవాత నేను కాలుస్తాను అనుకునే శత్రువులు ఎక్కడుంటారు? అయితే మనకు తెలిసిన మహా యుద్ధం కూడా ఒక రకంగా వంతులదే. పొద్దు గుంకితే ఆయుధాలు దించాలన్న ఒప్పందంతోనే కురుక్షేత్రం మొదలైంది. నియమం ఉండబట్టే దాన్ని వంచే తెలివీ పుట్టింది; సైంధవుణ్ణి బయటికి రప్పించడానికి కృష్ణుడు సూర్యుణ్ణే కప్పేశాడు. వంతు అయిపోయిందని ఎదుటివాణ్ణి నమ్మించడాన్ని మించిన ఎత్తు నేను ఏ ఆటలోనూ చూడలేదు. తెలుగులో ఎత్తు అంటే పావును జరపడమూ ఔను, పన్నాగమూ ఔను. అన్నట్టు, ఈ ఆటకు 18 అధ్యాయాలు. భారతంతో లంకె కాకతాళీయమే. అయినా లెక్క కుదిరినందుకు ఊరికే ఒక సంతోషం.

ఆట నడిచే పద్ధతిలో మాత్రం ఒక అపురూపమైన మెలిక ఉంది. మొదట పైనుంచి పటం కనబడుతుంది, మావాళ్లూ శత్రువులూ గుర్తులుగా ఉంటారు. ఒక వంతుకు ఇన్ని కమాండ్ పాయింట్లని ఇస్తారు. ఒకటి ఖర్చు చేస్తే ఒక సైనికుడు కదులుతాడు, ట్యాంకుకైతే రెండు. గుర్తును ఎంచుకోగానే దృష్టి ఆకాశం నుంచి జారి ఆ మనిషి వీపు వెనక నిలుస్తుంది. ఇక అక్కడ పటం ఉండదు. ఇసుక బస్తాలు, గోడ మలుపు, తలెత్తితే తగిలే తూటాలు, అంతే. అంతవరకు సేనాపతిగా ఉన్నవాణ్ణి ఒక్క మీట నొక్కగానే సిపాయినైపోతాను. సేనాపతిగా "అక్కడికి పోతే సరి" అనుకున్న చోటు సిపాయి కాళ్లకు ఎంత దూరమో అప్పుడు తెలుస్తుంది. చదరంగంలో తాతయ్యను ఒక్కసారైనా బంటు కళ్లలోంచి చూడమని ఎవరూ అడగలేదు.

నడుస్తున్నంతసేపూ శత్రువు కాలుస్తూనే ఉంటాడు. గురి పెట్టడానికి ఆగితే లోకమంతా ఆగిపోతుంది. అడుగు వేస్తే కాలం నడుస్తుంది, గురి చూస్తే నిలుస్తుంది. ద్రోణుడి పరీక్షలో అర్జునుడికి పిట్ట కన్ను తప్ప ఇంకేమీ కనబడలేదన్న కథ విన్నప్పుడు, ఆ క్షణంలో చెట్టూ గాలీ ఏమయ్యాయని చిన్నప్పుడు ఆలోచించేవాణ్ణి. ఏమైపోయాయో ఈ ఆట చూపించింది. తీరా అంత శాంతంగా గురి చూసి కాల్చాక, తూటాలు ఆ గురి వృత్తంలో వాటికి తోచిన చోటికి పోతాయి. కణతకు గురిపెట్టిన గుండు చెవి పక్కనుంచి పోయి గోడకు తగులుతుంది. చదరంగంలో బంటు మూలగా జరిగితే ఎదుటి పావు లేచిపోవలసిందే. ఇక్కడ మూలగా జరిగాక కూడా "చూద్దాం" అంటుంది ఆట. మొదటి వారం అది అన్యాయంగా తోచింది. ఉద్యోగంలో ముప్పై ఏళ్లు గడిపినవాడికి అలా తోచడమే వింత.

ఇక బంట్ల పేర్ల సంగతి. దళంలోని ప్రతివారికీ ఒక ఊరూ ఒక గొంతూ కొన్ని గుణాలూ ఉన్నాయి. ఆ గుణాలు కాగితం మీద వర్ణనగా మిగిలిపోవు, యుద్ధం నడుమ పైకి వస్తాయి. పుప్పొడి పడనివాణ్ణి గడ్డిలో పాకిస్తే నీరసిస్తాడు. దుమ్ము పడనివాణ్ణి ఎడారికి తీసుకుపోతే దగ్గుతాడు. మరీనా అనే గురికత్తె నలుగురిలో ఉంటే చిరాకు పడి, ఒంటరిగా వదిలేస్తే అద్భుతంగా కాలుస్తుంది. సూజీ అనే మెత్తని పిల్లకు సరిగ్గా మీట నొక్కే వేళ శత్రువు మీద జాలి కలగవచ్చు. లార్గో పక్కనుంటే చాలు బలం పుంజుకునే లాన్సరు, అంటే ట్యాంకులను పేల్చేవాడు, ఒకడున్నాడు. డార్క్‌సెన్ జాతివాళ్లంటే గిట్టనివాళ్లు కొందరు. పక్కన డార్క్‌సెన్ నిలబడితే వాళ్ల చేయి వణుకుతుంది. ఆ ద్వేషం ఆ దేశంలో పాత జబ్బు. ఎప్పటి మహావినాశానికో ఆ జాతిని నిందించి ఇంటిపేరు పెట్టుకునే హక్కు కూడా లేకుండా చేశారు. ఇసారా పేరు చివర గుంథర్ అని ఉండడం దత్తత పుణ్యం.

కొన్నాళ్లకు నేను పటాన్ని చూసే చూపే మారిపోయింది. గుట్టలూ వాగులూ పోయి తుమ్ములూ దగ్గులూ అలకలూ కనబడసాగాయి. పెళ్లి పందిట్లో ఎవరి పక్కన ఎవరిని కూర్చోబెడితే గొడవ రాదో లెక్కలు వేసే పెద్దమనిషి అవస్థ అది. సైన్యాన్ని నడపడమంటే ఇదేనని నాకెవరూ చెప్పలేదు. బహుశా ఇదే అయి ఉంటుంది. యుద్ధతంత్రం పుస్తకాల్లో వ్యూహాలుంటాయి, పుప్పొడి ఉండదు.

దెబ్బ తిని పడిపోయినవాడి విషయంలో ఈ ఆట తీసుకున్న నిర్ణయం నాకు ఎంతో నచ్చింది. ఈ తరహా ఆటల్లో పోయినవాడు పోయినట్టే అన్న సంప్రదాయం పాతది; 1990లో వచ్చిన మొదటి ఫైర్ ఎంబ్లెమ్‌తోనే అది పేరు పొందింది. ఆ కాఠిన్యాన్ని తట్టుకోలేనివాళ్ల కోసం, పడినవాళ్లు మళ్లీ లేచి వచ్చే సదుపాయం కూడా ఆ వరుసలోనే తరవాత చేర్చారు. వాల్కిరియాది మధ్యేమార్గం. పడిపోయిన సిపాయికి మూడు వంతుల గడువు. ఈలోగా మనవాళ్లెవరైనా చేరి తాకితే చాలు, వైద్యురాలు వచ్చి ఎత్తుకుపోతుంది, బతుకుతాడు. శత్రువు ముందు తాకాడా, ఇక లేడు. గెలుపు పక్కన పెట్టి ఒక మనిషిని తాకడానికి పరుగెత్తిన ఆ వంతుల్లోనే ఈ ఆట నాకు యుద్ధంలా అనిపించింది. కాల్చినప్పుడు కాదు.

ఇంత చేసి, పోరాటం ముగిశాక ఆట నా ముందు ఒక మార్కుల చీటీ పెడుతుంది. అందులో చూసేది ఒక్కటే, ఎన్ని వంతుల్లో ముగించావని. ఎంతమందిని కాపాడావు, ఎంత తెలివిగా చుట్టుముట్టావు, పడిన పిల్లను ఎలా తెచ్చుకున్నావు, ఇవేవీ లెక్కలోకి రావు. చాలా పోరాటాలకు 20 వంతుల గడువు ఇస్తారు. కానీ పై గ్రేడు కావాలంటే మూడు నాలుగు వంతుల్లో తేల్చేయాలి. గ్రేడును బట్టే అనుభవమూ డబ్బూ. తీరిగ్గా ఆలోచించు అంటూ కుర్చీ వేసి కూర్చోబెట్టి, గోడ మీద గడియారం తగిలించినట్టుంది. వంతుల ఆటకు ఉన్న ఒకే ఒక్క విలాసం తొందర లేకపోవడం. దానికే జరిమానా.

ఈ చీటీ వల్ల ఒక చోద్యం జరుగుతుంది. ఎక్కువ దూరం పరుగెత్తగలిగేవాళ్లు స్కౌట్లు. అలీసియా స్కౌటే. పాయింట్లన్నీ ఆమెకే పోసి, తూటాలు తట్టుకునే ఆజ్ఞ ఒకటి జారీ చేసి, శత్రువుల నడుమ నుంచి ఉరికిస్తే చాలా చోట్ల ఒకటి రెండు వంతుల్లోనే శత్రు శిబిరం జెండా చేతికొస్తుంది. ట్యాంకులు అక్కర్లేదు, ఇంజనీర్లు అక్కర్లేదు, మరీనా ఒంటరితనమూ అక్కర్లేదు. వ్యూహంలోకి పోవడమే తెలుసు, రావడం తెలియదన్నది అభిమన్యుడి విషాదం. ఈ ఆటలో తిరిగి రానక్కర్లేదు. జెండా తాకగానే కథ ముగుస్తుంది. ఇక్కడ అభిమన్యుడికి ఏ గ్రేడు. పద్మవ్యూహం బయట ఏనుగులతో సహా బారులు తీరి నిలబడ్డ పాండవ సైన్యానికి చూస్తూ ఉండడమే పని.

ఇంకో సంగతి దీనికన్నా సున్నితం. కథలో డేమన్ అని ఒక జనరల్ ఉన్నాడు, గాలియా సైన్యానికి పెద్ద. మీసం మీద పెట్టిన శ్రద్ధ మనుషుల మీద పెట్టడు. ఏడో దళం వంటి ఊళ్లవాళ్ల సేన అతని కళ్లకు వాడి పారేసే సరుకు. కథ అతన్ని అడుగడుగునా వెక్కిరిస్తుంది, ఆడేవాడి చేత అసహ్యించుకునేలా చేస్తుంది. అధ్యాయం ముగిశాక మార్కులు వేసే కుర్చీలో మాత్రం డేమనే కూర్చున్నాడా అనిపిస్తుంది. ఎంతమంది పోయారన్నది అడగడు, ఎప్పటికి అయిందన్నదే అడుగుతాడు. కథ వెల్కిన్‌ది, లెక్క డేమన్‌ది. ఇద్దరినీ ఒకే కంపెనీలో ఒకే బృందం తయారు చేసింది మరి. వింతే, అయితే అపరిచితమైన వింత కాదు. ప్రసంగంలో విలువలూ పట్టికలో అంకెలూ వేరువేరుగా ఉండే చోట్లను నేనూ కొన్నిటిని చూశాను.

గ్రేడును పట్టించుకోకుండా ఆడవచ్చు కదా అని ఎవరైనా అంటారు. నేనూ అనుకున్నాను. రెండు అధ్యాయాలు అలాగే ఆడాను, అందరినీ వెంటబెట్టుకుని, మెల్లిగా, కాశీయాత్రకు బయల్దేరినట్టు. సి గ్రేడు చూడగానే చిన్నప్పటి ప్రోగ్రెస్ కార్డు గుర్తొచ్చి మూడో అధ్యాయానికి అలీసియాను ఉరికించాను. తత్త్వం అక్షరాల ముందు నిలవదు.

సంపాదించిన అనుభవం ఒక్కో మనిషికి కాక వర్గానికి పోవడం ఇంకో ఏర్పాటు. ఒక్క స్కౌట్ కష్టపడ్డా స్కౌట్లందరూ రాటుదేలుతారు. మూల కూర్చున్నవాడికీ అందరితో పాటు వడ్డన. ఇందులో ఒక మంచితనం ఉంది. ఎప్పుడూ ఆడించని సిపాయిని ఇవాళ బయటికి తీసినా వెనకబడి ఉండడు. అదే ఏర్పాటును తిప్పి చూస్తే, ఎవరు పోయినా ఆ చోట ఇంకొకరు అంతే నైపుణ్యంతో నిలబడతారు. పేరు పెట్టి పిలిచిన చేత్తోనే పేరు చెరిపేసే సదుపాయం కూడా ఇచ్చారు. కొత్త ఆజ్ఞలు నేర్పే ముసలాయన కూర్చునేది ఎక్కడో కాదు, సమాధుల దగ్గర. పాఠం చెప్పించుకోవడానికి ప్రతిసారీ అక్కడికే పోవాలి. ఎవరి ఆలోచనో గానీ, దీనికి మాత్రం నేను ఏ గ్రేడు వేస్తాను.

శత్రువుల వంతు గురించి కొంత చెప్పకపోతే అన్యాయం. అది నడుస్తుంది, నడుస్తూనే ఉంటుంది. ఒక్కో ట్యాంకు కదలడం చూస్తే రథోత్సవం గుర్తొస్తుంది. ఒక సిపాయి గోడ చాటు నుంచి బయటికొచ్చి, చుట్టూ చూసి, ఎవరినీ కాల్చకుండా వెనక్కి పోయి నిలబడతాడు; మళ్లీ ఇంకో పాయింటు ఖర్చు చేసి అదే యాత్ర. ఆ వ్యవధిలో నేను డికాక్షన్ దింపి, పాలు కాచి, కాఫీ కలుపుకుని వచ్చేవాణ్ణి. అంత పెద్ద సామ్రాజ్యం ఈ తెలివితో ఖండాన్ని ఎలా గడగడలాడించిందో! అయితే ఒకసారి గ్లాసుతో తిరిగొచ్చేసరికి మరీనా నేల మీద ఉంది. ఎలా పడిందో నేను చూడలేదు. ఆ తరవాత నుంచి కాఫీ ముందే కలుపుకున్నాను.

ఆ శత్రువులకు ముఖాలు లేవు, శిరస్త్రాణం మూసేస్తుంది. మావాళ్లందరికీ పేర్లు, వాళ్లలో ఎవరికీ లేవు. కాల్చడానికి అది వీలుగా ఉంటుంది, కాదనను. కాకపోతే అరుదుగా వాళ్లలోనూ పేరున్న యోధుడొకడు పటం మీద మూలన నిలబడి ఉంటాడు. అతన్ని పడగొడితే అతని ఆయుధం మనకు దక్కుతుంది. కాబట్టి ఆ పేరు కనబడగానే దారి మళ్లించి మరీ వేటాడతాను. నావైపు పేరున్నవాణ్ణి కాపాడుకోవడానికి మూడు వంతులు వెచ్చించిన నేనే, అటువైపు పేరున్నవాడి కోసం మూడు వంతులు వెచ్చించి చంపుతున్నాను. పేరు ఇక్కడ కవచమూ అక్కడ గురీ అయింది. ఈ సంగతి నాకు చాలా ఆలస్యంగా తట్టింది, అప్పటికి నాలుగైదు మంచి తుపాకులు పోగయ్యాయి.

ఎనిమిదో అధ్యాయంలో కథ ఈ దోషాన్ని కొంత కడగడానికి చూస్తుంది. అడవిలో దారి తప్పిన వెల్కిన్, అలీసియాలు తలదాచుకున్న గుడిసెలోకి గాయపడిన శత్రు సైనికుడు ఒకడు వస్తాడు. శిరస్త్రాణం తీసేస్తే గడ్డం రాని కుర్రాడు. వాళ్లమ్మను తలుచుకుంటూ పోతాడు. దృశ్యం బాగుంటుంది, కళ్లూ చెమరుస్తాయి. తొమ్మిదో అధ్యాయంలో మళ్లీ అందరికీ శిరస్త్రాణాలు వచ్చేస్తాయి, మళ్లీ నేను తలకే గురిపెడతాను. తలకు తగిలితే దెబ్బ ఎక్కువ.

ఏడో అధ్యాయం గురించి ఈ ఆట ఆడినవాళ్లు కలిస్తే తప్పక మాట్లాడుకుంటారు, మన వైపు ఒకప్పుడు పదో తరగతి లెక్కల పరీక్ష గురించి మాట్లాడుకున్నట్టు. ఎడారి, కోటంత ట్యాంకు, దాన్ని ఆపడానికి ఒక క్రమం. ఆ క్రమాన్ని కష్టపడి కనిపెట్టి సగం నడిపించాక, శత్రువుల వైపు నుంచి సెల్వేరియా అనే వాల్కిరియా, దేవతలాంటి యోధురాలు, వెన్నెలలాంటి నీలి వెలుగుతో ప్రత్యక్షమవుతుంది. ఆమెను ఏ తుపాకీ ఏమీ చేయలేదు. ఆమె ఎదుట పడినవాడు లేవడు. వంతుల ఆటలో రెండు పక్షాలకూ నియమాలు తెలిసి ఉండాలన్నది ఒక మౌన ఒప్పందం. సగంలో దేవత దిగితే అది వ్యూహం కాదు, పురాణం. పురాణాల్లో దేవతలు దిగినప్పుడు చేతులు జోడిస్తాం. ఇక్కడ పాత సేవ్ తెరిచి మళ్లీ మొదలుపెడతాం.

ఆ సేవ్ అన్నది నా వ్యక్తిత్వం గురించి నాకు తెలియనివి కొన్ని చెప్పింది. తాతయ్య దగ్గర నియమం ఒకటే, పావును ముట్టుకుంటే కదపాల్సిందే. తప్పు తెలిసి వేలు వెనక్కి తీసుకోబోతే నా చేతి మీద ఆయన చేయి పడేది. ఈ ఆటలో నా వంతు నడుమ ఎప్పుడైనా సేవ్ చేసుకోవచ్చు. మొదట అధ్యాయానికోసారి చేసేవాణ్ణి, తరవాత వంతుకోసారి, ఆ తరవాత ప్రతి గురికీ ముందు. తూటా తప్పితే వెనక్కి పోయి మళ్లీ కాల్చేవాణ్ణి. మూడు వంతుల గడువు, పడినవాడి కోసం పరుగు, దేనికైతే నేను ఈ ఆటను మెచ్చుకున్నానో దాన్ని నా చేత్తోనే లేకుండా చేశాను. ఎవరూ పడటం లేదు కాబట్టి ఎవరి కోసమూ పరుగెత్తడం లేదు. పశ్చాత్తాపం లేని లోకంలో ఊసుపోదని తెలిసొచ్చింది. తెలిసినా సేవ్ చేయడం మానలేదు.

అలా ఒక్క ప్రాణమూ పోకుండా పదో అధ్యాయం దాకా వచ్చాను. మార్బెరీ తీరం. ఎత్తు మీద శత్రువుల తుపాకులు, కింద ఇసుకలో మావాళ్లు. ఇసారా పొగ గుండ్లు తయారు చేసింది. ఆ పొగ చాటున తీరం ఎక్కుతాం. జాతి పేరుతో ఆమెను ఈసడించుకుంటూ వచ్చిన రోజీ మనసు అప్పటికి కరుగుతోంది. పోరాటం గెలిచాను. ఎవరూ పడలేదు. ఆ తరవాత కథాదృశ్యంలో, రోజీకి ఇవ్వడానికి తాను కుట్టిన చిన్న బొమ్మతో వచ్చిన ఇసారాకు ఎక్కడి నుంచో ఒక తూటా తగులుతుంది.

మీటలు పనిచేయవు. మూడు వంతుల గడువు లేదు. తాకడానికి దళం మొత్తం పక్కనే ఉంది, తాకితే ఏమీ జరగదు. అది నా వంతు కాదు, శత్రువు వంతూ కాదు; ఎవరి వంతూ కాని వేళ జరిగింది. ప్రతి తూటాకూ ముందు సేవ్ చేసుకున్న నాకు ఆ ఒక్క తూటాకు ముందు సేవ్ చేసుకునే వీలు దొరకలేదు. అలా చేయడం ఆట చేసిన మోసమని మొదట కోపం వచ్చింది. ఆడినంతసేపూ నాచేతే కాపాడిస్తూ, చంపాలనుకున్నప్పుడు మాత్రం బల్ల లాగేసుకుంది. అయితే ఈ కథంతా ఎలా మొదలవుతుందో తరవాత గుర్తొచ్చింది. ఆట తెరవగానే కనబడేది ఒక పుస్తకం. యుద్ధం గురించి ఐరీన్ ఎలెట్ అనే పత్రికా రచయిత్రి రాసింది. దాని పుటలు తిప్పుతూ ఒక్కో దృశ్యాన్నీ, ఒక్కో పోరాటాన్నీ ఎంచుకోవాలి. చిన్న చిన్న ముక్కలకు కూడా వేరువేరుగా మీట నొక్కాల్సి రావడం విసుగనుకున్నాను. విసుగే, కానీ పుస్తకం మాత్రం మొదటి నుంచీ నిజమే చెబుతోంది. నేను ఆట మొదలుపెట్టేసరికే యుద్ధం అయిపోయింది, పుస్తకం అచ్చయింది, ఇసారా ఏనాడో పోయింది. నా వంతులన్నీ ఆ పుటల మధ్య సందుల్లో ఇచ్చినవి.

అదే పుస్తకం చెప్పే ప్రధాన కథలో మరీనా లేదు, సూజీ కూడా లేదు. కథాదృశ్యాలు నడిపేది ఐదారుగురు. నేను పందిట్లో పెద్దలా సర్దిపెట్టిన మిగతావాళ్లు పోరాటంలోనే బతికి పోరాటంలోనే పోతారు. వాళ్లు ఉన్నా పోయినా పుట మారదు. మాట్లాడే బంట్లే గానీ, రాతకెక్కిన బంట్లు కావు. వాళ్ల బాధ్యత పుస్తకం తీసుకోలేదు కాబట్టి నా మీద పడింది. ఇసారా విషయంలో నేను చేయగలిగింది లేదు, వీళ్ల విషయంలో చేయగలిగిందంతా నాదే. ఆ ఏర్పాటు నాకు న్యాయంగానే కనబడింది. అయినా ఒక్కోసారి ఇది తిరగబడి ఉంటే బాగుండునని కూడా అనిపించింది.

మొన్న సంక్రాంతికి వచ్చినప్పుడు తమ్ముడి కొడుకు నా కంప్యూటర్ శుభ్రం చేయడానికి కూర్చున్నాడు. పాత సేవ్‌లు ఒక్కొక్కటే తెరిచి చూస్తూ, తీసేస్తూ, ఒక దాని దగ్గర ఆగాడు. పదో అధ్యాయం. తీరం మీద పొగ ఇంకా కమ్ముకునే ఉంది. ఒక్క పాయింటు మిగిలింది, అలీసియాకు జెండా పది అడుగుల దూరంలో ఉంది. ఇసారా ట్యాంకులో ఉంది.

"ఇదేంటి పెదనాన్నా, ఇలా వదిలేశారు? ఈ వంతులో ముట్టుకుంటే ఏ గ్రేడు గ్యారంటీ" అన్నాడు.

ఉంచమన్నాను.